సామాన్‌కే తెరిచిన గేటు

కొండల్లో గేటు తెరిచారని తెలిసిన రోజు మా కూరగాయల దుకాణంలో పండగే. ఈ గల్ఫ్‌లో, సనాబిస్‌లో నాతోపాటు పెట్టెలు మోసే పఠాన్ భాయ్ జిలేబీ తెచ్చి, సరుకు కొనడానికి వచ్చినవాళ్ల చేతుల్లో కూడా పెట్టాడు. పాకిస్తాన్‌కీ అఫ్గానిస్తాన్‌కీ మధ్య ఉన్న ఆ కనుమ దారి యుద్ధంతో మూతబడింది. ఇతని ఇల్లు పాకిస్తాన్ వైపు, కూతురి అత్తగారిల్లు అటు. పిల్లకు నెలలు నిండాయి. తొలి కాన్పు, ఒంట్లో నెత్తురు లేదు. అమ్మ కావాలని ఫోన్‌లో ఒకటే ఏడుపు.

"ఇంకేంది భాయ్, తాతవైతున్నవ్!" అని వీపు చరిచాను.

వాళ్లలో ఆడమనిషి ఒంటరిగా ఊరు దాటదు. ఇతని భార్య తమ్ముడు లారీ డ్రైవరు, బంగాళాదుంపల లోడుతో అటే పోతున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? అక్కను పక్కన ఎక్కించుకున్నాడు. గేటు ఎవరికోసం తెరిచారని మాలో ఒక్కడూ అడగలేదు. మనుషులకోసమే అనుకున్నాం, తెలివితక్కువ సన్నాసులం!

మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది. సిపాయిలు ఆమెను దింపేశారు. వ్యాపారం వరకే తెరిచారట. సరుకు పోవచ్చు, లారీ నడిపేవాడు పోవచ్చు, ఇంకెవరూ పోకూడదు. ఆమె కాళ్లావేళ్లా పడింది. వెనక లారీలన్నీ హారన్లు కొడుతుంటే, తమ్ముడు ఆమెను టీకొట్టులో కూర్చోబెట్టి ముందుకు పోయాడు.

"దుంపలు పోతయట, తల్లి పోదట! వాళ్ల నోట్ల మన్నువడ!" అని తెలుగులోనే తిట్టాను. పఠాన్‌కు భాష రాకపోయినా అర్థమైంది.

"తిట్టకు భాయ్," అన్నాడు హిందీలో. "దుంపలనూ ఆపితే నా బావమరిది కూడా పోలేడు."

తర్వాత జరిగింది పఠాన్ భాయే చెప్పాడు, దుకాణం వెనక ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడి. మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ "యల్లా, యల్లా" అని కేకలు పెడుతున్నా మేమిద్దరం లేవలేదు.

మామ లారీలో అమ్మ బయల్దేరిందని ఆ పిల్లకు ముందే చెప్పి ఉన్నారు. నొప్పులు పడుతూనే లారీ చప్పుడు కోసం చెవులు రిక్కించిందట. మామ ఒక్కడే లోపలికి వచ్చేసరికి అతని వెనక తలుపు వైపు చూసిందట.

"అమ్మకు లారీ దిగడం రాదు మామా. చెయ్యి పట్టుకుని దింపు," అందట.

అతను తలూపి బయటికి వచ్చాడు. లోపల ఆడవాళ్లు గొల్లుమనేదాకా పక్కసీటు ఖాళీగా ఉన్న ఆ లారీ తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడట.