పింఛను కాలు

మంథని దగ్గర ఒక ఊళ్లో, ఒకే వాకిలికి రెండు తలుపులున్న ఇంట్లో ఇద్దరు యారాండ్లు ఉండేవారు. పెద్దకోడలు కమలవ్వ, చిన్నకోడలు లింగవ్వ. అన్నదమ్ములు వేరుపడినప్పుడు వాకిలి మధ్యలో నడుమెత్తు గోడ కట్టుకున్నారు. ఆ గోడ లింగవ్వకు ఎందుకు పనికొచ్చిందయ్యా అంటే, మోచేతులు ఆనించి అవతలికి తొంగిచూడటానికి.

ఆమె ఓర్వలేనితనం నిన్నమొన్నటిది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్త కూరలో మూలగబొక్క ఏరి పెద్దకోడలి కంచంలో వేసేది. చిన్నకోడలికి శేర్వా మిగిలేది. తర్వాత కమలవ్వ కుడికాలు వాచింది. మొదట పాదం, తర్వాత పిక్క, చివరికి మోకాలిదాకా దూలంలా అయింది. బోదకాలు. ఊరంతా అయ్యో అంది. లింగవ్వ మాత్రం అనలేదు. నాట్లు పెట్టే రోజుల్లో కమలవ్వ గట్టు మీద కూర్చుంటే, ఆమె వంతు నాటు వరస, ఆ మునుం కూడా లింగవ్వే పట్టాల్సి వచ్చేది. "కాలు వాచినోళ్లకు నీడ, వాయనోళ్లకు నీళ్లు," అని వంగినచోటే గొణుక్కునేది.

అది చాలదన్నట్టు సర్కారు సొమ్ము కూడా అటే నడిచింది. బోదకాలు వాళ్లకు నెలనెలా పింఛనన్నారు. ఆపైన నర్సమ్మ రోజారాణి ఒక నీలం టబ్బు, మగ్గు, సబ్బు, తెల్ల తువ్వాల, పూసుకునే మందు తెచ్చి కమలవ్వకు ఇచ్చింది. ఇచ్చి పోతే బాగుండేది. ఆ పిల్ల కింద కూర్చుని, కమలవ్వ కాలు టబ్బులో పెట్టించి, వేలికీ వేలికీ మధ్య సబ్బు రాసి, పసిపిల్లకు అద్దినట్టు తడి అద్దింది. రోజూ ఇలాగే కడుక్కోవాలని చెప్పింది.

గోడ మీద మోచేతులు ఆనించి లింగవ్వ అదంతా కన్నార్పకుండా చూసింది. తన కాళ్లు పెళ్లినాడు మేనమామ కడిగాడు. ఆ తర్వాత వాటిని పట్టించుకున్నవి పొలంలో జలగలే.

"సర్కారుకు అందరు కనవడ్తరు, నేనే కనవడ," అని మొగుడు కొండల్ మీద విరుచుకుపడింది. "ముసలి పింఛనంటే నాకు ఏండ్లు నిండకపాయె. ముండమోపి పింఛనంటే నువ్వు సావకపాయె."

కొండల్ బీడీ ఆర్పాడు. "జర ఓపిక పట్టరాదే. దగ్గు మంచిగనే అత్తంది."

ఆ వానాకాలం నాట్లయ్యాక లింగవ్వ ఎడమపాదం సాయంత్రానికి ఉబ్బింది. మెట్టెలు వేళ్లను నొక్కేశాయి. తెల్లారేసరికి తగ్గింది, పొద్దుగూకేసరికి మళ్లీ ఉబ్బింది. ఇంకొకరైతే గుండెలు బాదుకుందురు. లింగవ్వ సబ్బు రాసి మెట్టెలు తీసి, కొంగున ముడేసుకుని, లోలోపల నవ్వుకుంటూ నర్సమ్మ కోసం ఎదురుచూసింది.

రోజారాణి వచ్చి పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది.

"గిది షురూలనే ఉన్నదమ్మా. రోజు సబ్బుతోని కడుక్కో. పండుకున్నప్పుడు కాలు కింద మెత్త పెట్టుకో. గోలీలు మింగు. పెరుగకుంట ఆగుతది."

"మరి పింఛను?"

"పెద్దగై, ఇగ తగ్గనోళ్లకే గది. నీకు నసీబున్నది, గంతదాక రాలే."

"నసీబు నాది గాదు బిడ్డా. గోడకవతల కూసున్నది."

నర్సమ్మ నవ్వి, వచ్చే నెల మంథనిలో క్యాంపు ఉందని, డాక్టరుకు కాలు చూపించుకొమ్మని చెప్పి పోయింది. లింగవ్వకు చెవికెక్కింది ఒక్కటే. క్యాంపునాటికి కాలు పెరగాలి.

గోలీలు పెంటకుప్పలో పడ్డాయి. మెత్త తలకింది నుంచి కదల్లేదు. మంచం పట్టె మీద కూర్చుని గంటలకొద్దీ కాళ్లు వేలాడేసేది. అదీ చాలదని పాత చీర పీలిక మోకాలి కింద బిగించి కట్టి, పైనుంచి చీర కప్పేది. జాతరకు పొట్టేలును మేపినట్టు క్యాంపుకు కాలును మేపింది.

కాలు పెరిగింది. వేళ్ల సందుల్లో తోలు కూడా పగిలింది. క్యాంపు రాకముందే ఒక మధ్యాహ్నం చలిజ్వరం ముంచుకొచ్చింది. కాలు పిక్కదాకా ఎర్రబడింది. లింగవ్వ పండ్లు కొట్టుకుంటూ మూలిగింది. కొండల్ పొలానికి పోయాడు. ఆ మూలుగు గోడ దాటింది.

కమలవ్వకు ఆ మూలుగు ఎరుకే. తనూ ఎన్నిసార్లు అలా మూలిగిందో. బరువు కాలీడ్చుకుంటూ, చంకలో నీలం టబ్బు పెట్టుకుని వచ్చింది. చీర పైకి లాగేసరికి మోకాలి కింద ముడి కనబడింది.

"గీ ముడేందే?"

లింగవ్వ చీర మళ్లీ కిందికి లాక్కుంది.

"అడుగుతున్న గదనే. ఎందుకు కట్టినవు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? నీకైతే అన్ని ఇంటికే అత్తయి. టబ్బత్తది, తువ్వాలత్తది, పింఛనత్తది. సర్కారు మనిషే అచ్చి కాలు కడుగవట్టె. నాకేమున్నదక్కా?"

కమలవ్వ ముడి పీకి అవతల పారేసింది. మంచం మీద కూర్చుని, తన కాలు రెండు చేతులతో ఎత్తి లింగవ్వ కాలి పక్కన పెట్టింది.

"సూడు. గంత మనసైతే నిండ సూడు. మీ బావ బతికుండంగనే బంగారం పనిజేసే అవుసులాయనతోని మెట్టెలు కోపిచ్చుకున్న. ఎవలన్న సూత్తే ఏమనుకుంటరో అని ఇరవై ఏండ్ల సంది వేళ్లు చీర కింద దాసుకుంటున్న. నువ్వేమో బోనమెత్తుకున్న తీరుగ నడుత్తవు. గడపల కూసోని నిన్ను సూసి ఏమనుకుందునో ఎరుకేనా?"

"ఏమనుకుందువు?"

"దీని కాలిరుగ, అనుకుందు. పోశవ్వకు మొక్కిన సుత."

అంత జ్వరంలోనూ లింగవ్వ లేచి కూర్చుంది. "అయితే గిది నీ మొక్కేనానే! నీ నోట్ల మన్నువడ!"

"నా మొక్కుకు గంత బలముంటే ముందుగాల నా కాలే తక్కువైతుండె. నోరు మూసుకోని కాలియ్యి."

టబ్బులో చల్లనీళ్లు పోసింది. పగుళ్ల దగ్గర మెల్లగా, వేలికీ వేలికీ మధ్య సబ్బు రాసింది. గోడ మీదనుంచి ఇన్నాళ్లు చూసిన పని తన కాలికే జరుగుతుంటే లింగవ్వకు కండ్లు మూతలు పడ్డాయి. అంతలోనే టబ్బు కమలవ్వదని గుర్తొచ్చి కడుపు మండింది కూడా.

"తువ్వాల మాత్రం ఇయ్య," అంది కమలవ్వ. "నీ ఇంట్ల ఉతికింది తీసుకో." తర్వాత నర్సమ్మకు ఫోను చేయించింది. రోజారాణి వచ్చి మందులిచ్చింది. ఈసారి గోలీలు మింగేదాకా కమలవ్వ ఎదురుగా కూర్చుంది.

క్యాంపులో డాక్టరు పాదం నొక్కి చూసి, "గిట్లనే కాపాడుకోమ్మా, పింఛను కాలు గాదిది," అన్నాడు. లింగవ్వకూ ఒక టబ్బు ఇచ్చారు. ఇంటికొచ్చి గోడ మీద రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అక్కదే లోతుగా ఉంది. దాని మీద వారం రోజులు సణిగింది. సణుగుతూనే రోజూ కాలు కడిగింది.

బతుకమ్మనాటికి పాదం సన్నబడింది. కొంగు ముడి విప్పి చూస్తే మెట్టెలు సులువుగా ఎక్కాయి. లింగవ్వ చీర జర పైకెత్తి, గోడ పక్కనే బండల మీద టక్కుటక్కుమని అటొకసారి ఇటొకసారి నడిచింది.

అవతల కమలవ్వ టబ్బులో కాలు పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతిలో సబ్బు ఆగిపోయింది. చూపు ఆ వేళ్ల మీద పడి కదల్లేదు. ఆ చూపు ఎలాంటిదో లింగవ్వకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"మల్ల మొక్కుతవా అక్కా?"

"మొక్కుత. ఎందుకు మొక్క?" అని కమలవ్వ నీళ్లు చిమ్మింది. "పో, కాలు మీదికి పెట్టుకోని కూసో. మల్ల వాత్తది."

పింఛను రాలేదు. కానీ ఆ పూట లింగవ్వ రెండు ముద్దలు ఎక్కువే తిని, కాలు కింద మెత్త పెట్టుకుని, మెట్టెలు తీయకుండానే పడుకుంది.