నేను బతికించిన పాప

రాయదుర్గంలో మాకు పాలు పోసే మల్లమ్మకు చదువు రాదు. వారపత్రిక రాగానే అందులోని సీరియల్ ఆమెకు చదివి వినిపిస్తాను. పోయిన వారం కథలో పసిపాప జ్వరంతో చనిపోయింది. మల్లమ్మ కూతురికేమో నెలలు నిండాయి. ఆ మాట చదవడానికి నోరు రాక, జ్వరం తగ్గి పాప లేచి ఆడుకుంటోందని చదివేశాను.

ఈ రోజు కొత్త సంచిక తెరిస్తే, మొదట్లోనే తల్లి ఖాళీ ఊయల పట్టుకుని ఏడుస్తోంది. చూసుకోకుండా చదివేశాను.

"పిల్ల మంచిగయింది గదమ్మా! ఇగ తల్లెందుకు ఏడుస్తుంది?" అంది మల్లమ్మ.

చేసిన పని ఒప్పుకున్నాను. "నీ కూతురు గుర్తొచ్చి భయమేసింది మల్లమ్మా," అన్నాను.

"కతల పిల్ల సచ్చిందంటే జరసేపు ఏడ్చి ఊకుంటుంటి. మరి శనివారం నువ్వు సదివే పురాణమో? అది గూడ గిట్లనే మార్చినవా?"

లేదని దేవుడి మీద ఒట్టు వేశాను.

"సరేలేమ్మా. ఈసారి గుళ్లె అయ్యగారు సెప్తడంట, ఆడనే వింట," అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

నా ఒట్టు నిజమే అయినా, సాయంత్రం దీపం పెడుతుంటే దేవుడి ముఖం చూడలేకపోయాను. మీరే చెప్పండి, నా చోట మీరుంటే ఆ పాప చనిపోయిందని చదివేవారా?