నాన్న వేలిముద్ర

మనవరాలి పాస్‌పోర్టు కాగితాల కోసం మొన్న నోటరీ దగ్గరికి వెళ్తే, అక్కడి స్టాంపు ప్యాడ్ సిరా వాసన నన్ను నూజివీడు తాలూకాఫీసుకి లాక్కుపోయింది.

అమ్మ పోయాక పిన్ని నన్ను తనతో మలయా తీసుకెళ్తానంది. తన ఇంటిపేరు వేరు, నాది వేరు. అందుకని పిల్లని పంపడం ఇష్టమేనని నాన్న కాగితం ఇవ్వాలన్నారు.

నాన్న మామిడితోటకి కాపలా ఉండేవాడు. ఆ వేసవిలో పలక మీద ఆయన పేరు రాయడం నేనే నేర్పాను. వంకరటింకరగానైనా రాసేవాడు.

"సంతకం వచ్చా?" అన్నాడు గుమాస్తా.

"రాదండి," అన్నాడు నాన్న.

"వచ్చు కదా నాన్నా! నిన్న కూడా రాశావుగా!" అంటూ చొక్కా పట్టి లాగాను. నాన్న నా వైపు చూడలేదు. మామిడి సొనకి పొక్కిన బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద నొక్కాడు.

పదిమందిలో నా పరువు తీశాడని బస్సెక్కేటప్పుడు కూడా నాన్నతో మాట్లాడలేదు.

తర్వాత మలయాకి ఉత్తరాలొచ్చేవి. ఎవరిచేతో రాయించేవాడు. అడుగున సంతకం మాత్రం తనదే, నేను నేర్పిన వంకర అక్షరాలతో.

నన్ను పంపించే కాగితం మీద ఆ అక్షరాలు పెట్టడానికి నాన్నకి చేతులు రాలేదని నాకు అర్థమయ్యేసరికి, ఉత్తరాలు రావడం ఆగిపోయింది.