గట్టు మీది తోడల్లుడు

సరిహద్దు దాటి ఏరు ఇవతలి దేశంలోకి వచ్చే చోట, పంతొమ్మిదేళ్ళుగా అతను పొద్దుటా సాయంత్రం ఏట్లో పాతిన కొలబద్ద మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో రాస్తున్నాడు. ఆ అంకెలు చంకన పెట్టుకుని రెండు దేశాల నీటి చర్చలకు వెళ్ళింది మాత్రం తోడల్లుడు. వయసులో తొమ్మిదేళ్ళు చిన్న. పెద్దాఫీసులో ఫ్యాను కింద ఉద్యోగం. ఏట్లో కాలు పెట్టిన పాపాన పోలేదు.

"మా చెల్లెలి మొగుడు టీవీలో కనిపిస్తున్నాడు, రండి!" ఆ ఉదయం భార్య కేకేసింది.

"ఆ కోటు ఎవరిదో కనుక్కో," అన్నాడు. అన్నాడే గానీ వెళ్ళి చూశాడు. పొడుగాటి బల్ల, అటు పరాయి అధికారులు, ఇటు మనవాళ్ళు, మధ్యలో తన రిజిస్టరు. చేతిరాత అంత దూరం వెళ్ళింది, చెయ్యి ఇక్కడే ఉండిపోయింది.

గంట తిరక్కుండా ఫోను.

"అన్నయ్యా, కొంప మునిగింది! వాళ్ళు సరిహద్దు అవతలి గట్టు నుంచి మన కొలబద్దను ఫొటో తీశారు. అందులో నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లుంది. మీరు రాసింది నూట నలభై. వాళ్ళు వదిలిన నీళ్ళను మనం తగ్గించి రాస్తున్నామట. దొంగలతో ఒప్పందమేంటని లేచి వెళ్ళిపోతున్నారు!"

అతనికి సంగతి తెలుసు. మూడేళ్ళ కిందటి వరదలో కొలబద్ద ఎనిమిది సెంటీమీటర్లు బురదలోకి దిగబడింది. అప్పట్నించీ కనబడిన అంకెలోంచి ఎనిమిది తీసేసి రాస్తున్నాడు. ఆ మాటే పెద్దాఫీసుకు రెండుసార్లు రాశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ కాగితాలు చేరేది తోడల్లుడి బల్ల మీదికే.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అంతమందిలో వాడి మొహం మాడిపోతుంది. ఆ ఊహే ఎంతో హాయిగా ఉంది. కానీ దొంగ అన్నది రాసినవాణ్ణి కదా! పైగా ఈ నీళ్ళ మీదే దిగువ ఊళ్ళన్నీ బతుకుతున్నాయి.

పళ్ళు నూరుకుంటూ చెప్పాడు.

మధ్యాహ్నం టీవీలో తోడల్లుడు దర్జాగా అంటున్నాడు: "కొలబద్ద దిగబడిన విషయం మేము ఎప్పుడో గమనించాం."

"ఎంత తెలివో చూడండి!" భార్య మురిసిపోయింది. అతను టీవీ కట్టేశాడు.

మళ్ళీ ఫోను. "అన్నయ్యా, గండం గడిచింది! రేపు రెండు దేశాలవాళ్ళూ అక్కడికే వస్తున్నారు. గట్టు మీద పాత రాతి గుర్తు ఉంటుందట కదా, కొలబద్ద నిజంగా దిగబడిందో లేదో అక్కణ్ణించి తాడు వేసి కొలుస్తారట. మీరు పడవ సిద్ధం చెయ్యండి, మిగతావి నేను చూపిస్తాను." గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఆ రాయి ఎక్కడుంది?"

"రేపు వాళ్ళందరి ముందూ అడుగు తమ్ముడూ," అన్నాడతను. "చెబుతాను."