డెబ్బై కిలోల పడవ, నలభై నాలుగు కిలోల ప్రిస్కిల్లా

మా గోదావరి–మంజీర పడవ క్రీడల సంఘంలో మహిళా భాగస్వామ్యం అంటే నేనే. పదకొండు మంది కార్యవర్గంలో కనీసం ఒక ఆడమనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. దాంతో బోధన్‌లో ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పే ధనలక్ష్మి మేడం అందరికీ గుర్తొచ్చింది. మీటింగులో చాయ్ సంగతి చూడటం, అతిథికి శాలువా అందించటం, చివర్లో వందన సమర్పణ చెప్పటం నా పని. ఆరేళ్లు చేశాను. కాలేజీలో అంత నోరున్నదాన్ని అక్కడ ఎందుకు మూసుకున్నానో నాకే తెలియదు. ఈ కథ నాది కాదు, ప్రిస్కిల్లాది. కానీ అందులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, దాన్ని దాచి చెప్పలేను.

ప్రిస్కిల్లా నాన్న దేవదాస్ నిజాంసాగర్ కాలువ మీద లష్కర్. తూముల తలుపులు ఎత్తి దించి, ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసే మనిషి. అమ్మ యేసమ్మ నాట్లకు పోతుంది, పసుపు తవ్వకానికి పోతుంది, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడుతుంది. పిల్ల కాలువ గట్టు మీదే పెరిగింది. ఆమెకు పదమూడేళ్లప్పుడు, హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన స్లాలం కెనూ ఒకటి మా సంఘానికి దానంగా వచ్చింది. మగపిల్లలు దాని చుట్టూ తిరిగి ఫొటోలు దిగుతుంటే, ఈ పిల్ల చెప్పులు విడిచి ఎక్కేసింది.

స్లాలం కెనూ అంటే పదకొండున్నర అడుగుల సన్నటి పడవ. పైన మూసి ఉంటుంది, నడుమ మనిషి పట్టేంత బొక్క. అందులో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క రెక్క ఉన్న తెడ్డుతో నడపాలి. ఉరికే నీళ్ల మీద జతలు జతలుగా కర్రలు వేలాడుతుంటాయి. ఆకుపచ్చ జత మధ్య నుంచి నీటివాలుకు పోవాలి, ఎర్ర జత మధ్య నుంచి నీటికి ఎదురెక్కాలి. కర్ర తాకితే రెండు సెకన్ల శిక్ష, జతను వదిలేస్తే యాభై. మాకు ఉరికే నీళ్లంటే కాలువ మెట్టు దిగే చోటే. అదీ యాసంగి పంటకు నీళ్లు వదిలిన రోజుల్లోనే. "రేపు నీళ్లొస్తున్నయి" అని దేవదాస్ ఫోన్ చేసిన రోజు ఆ పిల్లకు అన్నం సహించదు.

అధ్యక్షుడు బాపురావు గారిది రెంజల్ వైపు. చెరకు ఉన్నన్నాళ్లు చెరకు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక సోయా, వరి. పడవల సంఘానికి అధ్యక్షుడు గానీ కందకుర్తి ఘాట్‌లో మోకాలి లోతు దాటి దిగడు. ఈత రాదు. చెడ్డమనిషి కాదు, అదే అసలు చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి బయటపడేదాన్ని.

"ఆడపిల్లలకు కెనూ ఎందుకు మేడం? కయాక్‌ల అయితె కాళ్లు సాపుకొని కూసోవచ్చు. గిట్ల మోకాళ్ల మీద కూసుంటె నడుం పోతది" అనేవాడు.

ఈ మాట యేసమ్మకు చెప్తే పగలబడి నవ్వింది. "పొద్దుందాక వంగి నాటేస్తె పోని నడుం పడవల కూసుంటె పోతదా? గాయన పొలంల నాటేసేది మేమే కద మేడం!"

ఆయనొక్కడినే అని లాభం లేదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల స్లాలం కెనూ టోక్యోలో గానీ మొదలు కాలేదు. మగవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ మోకాళ్ల మీద కూర్చుంటూనే ఉన్నారు, వాళ్ల నడుముల గురించి ఎవరూ బెంగపడలేదు.

టోక్యో పుణ్యాన ఆడపిల్లల పడవకు గ్రాంటు వచ్చింది. సరిగ్గా అప్పుడే పాత పడవ రాయికి కొట్టుకుని రెండు ముక్కలైంది. ప్రిస్కిల్లాకు జూనియర్ పోటీల్లో అదే ఆఖరి ఏడు. నర్మద మీద జరిగే పోటీల్లో మొదటి ఎనిమిది మందిలో వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. రాకపోతే నిజామాబాద్‌లో బట్టల షోరూంలో చేరాలని ఇంట్లో మాటైపోయింది.

"చీరలు మడతపెట్టుడు తప్పేం గాదు మేడం. గని నాకు నీళ్లు గావాలె" అంది నాతో.

పడవ ఎంచుకునే మీటింగు పెట్టారు. కేటలాగులో మూడు సైజులున్నాయి, నడిపే మనిషి బరువును బట్టి. యాభై అయిదు కిలోల లోపు వాళ్లకు చిన్నది, ఆపైన మధ్యది, డెబ్బై దాటితే పెద్దది. ప్రిస్కిల్లా నలభై నాలుగు కిలోలు. చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే లెక్క. కానీ అక్కడున్నది పదిమంది పెద్దమనుషులు.

"మూడిటికి ఒకటే రేటు రాసిండ్రు" అన్నాడు బాపురావు గారు కళ్లజోడు సర్దుకుని. "ఒకటే రేటైతె సిన్నది ఎందుకు తీస్కుంటం? పెరిగే పిల్ల. స్కూల్ డ్రెస్సు గూడ రెండేండ్లకు వచ్చేటట్టు కుట్టిస్తం కద."

"అవ్ మరి" అన్నారు మిగతావాళ్లు.

"రేపు పిల్ల మానేస్తె మా అక్క కొడుకు విష్ణు నడుపుతడు. గాడు డెబ్బై ఎనిమిది కిలోలున్నడు. వస్తువు వేస్ట్ గావొద్దు" అని బాపురావు గారే కొసరు కూడా వేశాడు.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆ సమయంలో నేను వరండాలో చాయ్‌లు లెక్కపెడుతున్నాను, ఎవరికి చక్కెర వద్దో గుర్తుపెట్టుకుంటూ. లోపలికి రాగానే "మేడం, గిక్కడ ఒక సంతకం" అన్నారు. పెట్టాను. చదవలేదు. ఆడపిల్లల పడవ కొనే కాగితం మీద ఉన్న ఒకే ఒక్క ఆడదాని సంతకం అది, దాన్ని ఒక చేత్తో ట్రే పట్టుకునే గిలికాను.

పడవ వచ్చిన రోజు కాలువ గట్టు మీద ఫ్లెక్సీ కట్టారు. "మహిళా జలశక్తి" అని పెద్దక్షరాలు, కింద పదిమంది మగవాళ్ల ఫొటోలు, మూలన ఎవరో విదేశీ అమ్మాయి. నా ఫొటో పట్టలేదట. పంతులు పసుపు కుంకుమ పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడదామంటే చక్రాల్లేవు, ముందొకటి వెనకొకటి పెట్టారు. ఇక కొబ్బరికాయ. నేల మీద రాయి చూపించి "గీడ కొట్టుండ్రి సార్" అని ప్రిస్కిల్లా అంటూనే ఉంది. బాపురావు గారు కొత్త ట్రాక్టర్ బంపర్‌కు కొట్టినట్టు పడవ ముక్కు మీద ఠపీమని కొట్టారు. కాయ పగిలింది, పడవ కూడా పగిలింది.

"ఏం గాదు, మంచి శకునమే" అన్నాడాయన. టేపు చుట్టి నీళ్లలో దించారు.

ఆ పిల్ల ఎక్కి కూర్చుంటే పడవ పైన పిట్ట వాలినట్టుంది. స్లాలంలో గబుక్కున తిరగాలంటే వెనక్కి వాలి తోకను నీళ్లలో ముంచాలి. ఇది మునిగితే కదా! ఎంత వాలినా తేలుతూనే ఉంది. గాలి వస్తే గాలివైపు పోయింది. పై మూత ఎత్తుగా ఉండటంతో ప్రతి కర్రకూ తగిలింది. ఆమె ఒడ్డుకొచ్చి, పడవ దిగి, తుండుతో మొహం కప్పుకుంది. నీళ్లు తుడుచుకుంటోందని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు. ఆ కాగితం మీద నా సంతకం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మళ్లీ మీటింగు. పడవ మార్చమంటే కంపెనీ కుదరదంది, పగిలింది కాబట్టి. అప్పుడు బాపురావు గారికి వచ్చింది ఆలోచన.

"పడవ పెద్దగున్నదంటె అర్థమేంది? పిల్ల సిన్నగున్నది. పిల్లను పెంచుదం! దినాం రెండు గుడ్లు, ఒక అరటిపండు సంఘం తరఫున. డెబ్బై కిలోలు అయ్యేదాక."

చప్పట్లు కొట్టారు, దేవుడా! పోటీలకు ఏడు వారాలుంది.

గుడ్ల ట్రే ఇంటికి చేరితే యేసమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగింది. "మా పిల్లేమన్న జాతరకు పెంచే పొట్టేలా మేడం?" గుడ్లు మాత్రం తీసుకుంది, గుడ్ల తప్పేముంది.

ఆ మీటింగు తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే, రాసేవాడు పెళ్లికి పోయాడని. గుడ్ల తీర్మానం కింద ఇంకో వాక్యం రాశాను: "పడవకు అవసరమైన మరమ్మతు ధనలక్ష్మి గారు చేయించవలెను." బాపురావు గారు చెవి దగ్గర ఫోనుతోనే సంతకం పెట్టారు. "లేడీస్ పడవ, లేడీసే సూస్కుంటరు" అన్నారు.

నిజామాబాద్‌లో కూలర్ల లింబయ్య అని ఒకాయన ఉన్నాడు. ఫైబర్ కూలర్లు, నీళ్ల ట్యాంకులు అతికి బతుకుతాడు. పడవను ట్రాలీ ఆటోలో వేసుకుని ప్రిస్కిల్లా, నేను పోయాం. ఆయన పడవను బోర్లించి, వెల్లకిలా తిప్పి, పిల్లను చూసి, మళ్లీ పడవను చూశాడు.

"గీ పిల్లకా? గింత లూజుగ కుట్టిచ్చిండ్రేంది?"

కేటలాగు చదవని మనిషి. లోపల మోకాళ్ల మీద కూర్చోమన్నాడు, చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాడు. "ముక్కు అతకాలంటె ఎట్లనో పైకప్పు ఇప్పాలె. ఇప్పినంక సుట్టు రెండించులు తీసి మల్ల అతికితె ఏమైతది?"

ప్రిస్కిల్లా కళ్లు మెరిశాయి. "పొడుగు, ఎడల్పు తగ్గొద్దు తాతా, రూలున్నది. ఎత్తు తగ్గిస్తె ఏం గాదు, కూసునే బొక్క నా నడుముకు సరిపోయేటంత చెయ్యి. తోక దగ్గర ఇంకింత తియ్యి, అది మునగాలె." అన్నీ లెక్కలు వేసుకునే ఉంది పిల్ల, ఎన్నాళ్ల నుంచో. అడిగినవాళ్లే లేరు.

ఇద్దరూ నావైపు చూశారు. సంఘం ఆస్తి. గ్రాంటు పడవ. కోస్తే వెనక్కి రాదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, బాపురావు గారి పలుకుబడి గుర్తొచ్చింది. ఆ పిల్ల తుండు చాటు మొహం కూడా గుర్తొచ్చింది.

"కొయ్యి లింబయ్యా" అన్నాను.

గ్రైండర్ మోతకు పక్క దుకాణంవాళ్లు బయటికొచ్చారు. నేను కళ్లు మూసుకుని నిలబడ్డాను, ఆ పిల్ల మాత్రం కళ్లార్పకుండా చూసింది.

నీళ్లలో దించిన రోజు ఆమె ఒక్కసారి వెనక్కి వాలింది. తోక మునిగింది, ముక్కు పైకి లేచింది, పడవ గిర్రున తిరిగింది. "మేడం!" అని అరిచింది కాలువ నడుమ నుంచి. గట్టు మీద దేవదాస్ తూము తాళంచెవి చేతిలో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

నర్మద మీద ఏడో స్థానం వచ్చింది. రెండు కర్రలు తాకింది, లేకపోతే అయిదోది. మొదటి ఎనిమిదిలో పేరు చదివినప్పుడు నేను అందరి ముందూ ఏడ్చాను.

ఇంటికొచ్చాక సన్మానం. అదే గట్టు, అదే ఫ్లెక్సీ, తేదీ మీద కాగితం అంటించారు. బాపురావు గారు గంటసేపు మాట్లాడి, విలేకరుల ముందు విష్ణును పిలిచారు. "వచ్చే ఏడు మావోడు దిగుతడు. ఎక్కు, సూపియ్యి."

విష్ణు మోకాళ్లు లోపల పెట్టాడు. నడుము దిగలేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, ఇద్దరు పట్టి నొక్కారు. చివరికి ఆ ఇద్దరే పట్టి బయటికి లాగారు.

"పడవ సిన్నగైందా ఏంది?" అన్నాడు బాపురావు గారు. తర్వాత అతుకు కనబడింది. "ఎవలు కోసిండ్రు దీన్ని? సంఘం ఆస్తి! ఎవలు జెప్పిండ్రు?"

మినిట్స్ పుస్తకం నా సంచిలోనే ఉంది, ఆ గుడ్ల మీటింగు నుంచీ. తెరిచి చూపించాను. "అవసరమైన మరమ్మతు. కింద మీ సంతకమే సార్."

"నేను సదవకుండ పెట్టిన!"

"నేను గూడ మొదటిసారి గట్లనే పెట్టిన సార్."

జనంలో యేసమ్మ నవ్వు ఒక్కటే వినబడింది. ప్రిస్కిల్లా మెడలో దండ తీసి పక్కన పెట్టి, పడవ దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా అంది.

"పడవ మంచిగనే ఉన్నది సార్. విష్ణన్ననే జెర పెద్దగున్నడు. దినాం రెండు గుడ్లు తగ్గించుమనుండ్రి, నలభై నాలుగు కిలోలు అయ్యేదాక."