అక్క వేసిన మూడో వెర్షన్

పొద్దున్నే మేడ మీద ట్యాంకు నిండి, మోటారు దానంతటదే ఆగిన చప్పుడు చెవిన పడితే గానీ ప్రోగ్రామరు మంచం దిగడు. మోటారును అలా ఆపే ప్రోగ్రాము రాసింది అతనే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మార్చి అమ్ముకునేవాళ్లు మాత్రం మార్చిన కోడ్ అందరికీ చూపించాలి. లైసెన్సులో ఈ షరతు కింద ఇంకో వాక్యముంది: "ఈ లైసెన్సు రెండో వెర్షన్ గానీ, దీనికి తర్వాత వచ్చే ఏ వెర్షన్ గానీ పాటించండి, మీ ఇష్టం."

లైసెన్సుకు తర్వాతి వెర్షన్ ఎవరు వేయాలి? అపెండిక్స్ ఆపరేషన్‌కి ముందు, ఆసుపత్రి మంచం మీద, ప్రాణభయంతో "మా అక్క" అని అందులోనే రాసేశాడు. ఆపరేషన్ శుభ్రంగా జరిగింది. ఆ మాట మాత్రం అప్పటికే ఎందరి కంప్యూటర్లకో చేరిపోయింది. వెనక్కి తీసుకునే దారి లేదు.

అక్క టైలరు. తనకు అలాంటి అధికారమొకటి ఉందనే మర్చిపోయింది. మోటార్ల కంపెనీ మేనేజరు వచ్చి గుర్తుచేసి, మూడో వెర్షన్ రాయించుకుపోయాడు. సంగతి తెలియగానే ప్రోగ్రామరు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా షాపుకు పరిగెత్తాడు.

"ఏం రాసిచ్చావక్కా?"

"మార్చిన కోడ్ చూపించక్కర్లేదని. ఎంత మర్యాదగా అడిగాడ్రా. మీది పెద్ద మనసు అన్నాడు. నువ్వెప్పుడైనా అన్నావా ఆ మాట?"

"నా కొంప ముంచావు. నా ప్రోగ్రాములో వాడేం మార్చాడో ఇక నాకే కనపడదు."

"రెండోది ఉందిగా?"

"ఏది కావాలంటే అది పట్టుకోమని నేనే రాశా కదా. వాడు నీ మూడోదే పట్టుకుంటాడు."

"ఏడుస్తూ రాసింది నువ్వు, తిట్లు నాకా?" గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకునే అంది అక్క. "ఊరికే ఏం ఇవ్వలేదులే. చివర్లో నా షరతు ఒకటి పెట్టా."

చదివాడు. మూడో వెర్షన్ ఎంచుకున్నవాళ్లు ప్రతి మోటారునూ అమ్మేముందు అక్క షాపుకు తెచ్చి ట్రయల్ చూపించాలి. ట్రయల్ చూడనిదే ఆ షాపు గడప ఒక్క చొక్కా కూడా దాటి ఎరగదు.

మేనేజరు ఆ లైను మాటవరసకు రాసిందనుకున్నాడు. కంపెనీ లాయరు అలా అనుకోలేదు. సోమవారం లారీ వచ్చింది. షాపు ముందు మోటార్లు బారులు తీరాయి. అక్క టేపు మెడలో వేసుకుని ఒక్కోదాన్నీ చుట్టూ తిరిగి కొలిచింది.

"దీనికి మెడ దగ్గర లూజుంది."

"మేడమ్, అది పైపు మూతి."

"ఏదైతేనేం, లూజు లూజే. బిగించుకుని బుధవారం రండి."

బుధవారం వచ్చాడు. చేతి నిండా పనుంది, శుక్రవారం రమ్మంది. శుక్రవారం కరెంటు లేదంది. మేనేజరు బటన్లు పెట్టే స్టూలు మీద కూలబడ్డాడు.

"అసలు ఎప్పటికవుతుంది మేడమ్?"

"తొందరపడితే కుట్టు నిలవదు బాబూ."

ఆ మర్నాడే కంపెనీ తాము రెండో వెర్షన్‌కే కట్టుబడుతున్నామని ప్రకటించి, మార్చిన కోడ్ మొత్తం బయటపెట్టింది. ప్రోగ్రామరు తలుపేసుకుని, ఒళ్లంతా కళ్లు చేసుకుని చదివాడు. మోటారు ఆగేముందు కంపెనీ పేరు పలికేలా చేశారు. అంతకు మించి ఏమీ లేదు.

మార్చింది మూడు లైన్లు.