నీలం డోంగీ మీద హెలికాప్టర్

మాయాబందర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాలని పోయిన వారం పోర్ట్ బ్లెయిర్‌లో హెలికాప్టర్ కోసం కూర్చుంటే, కాలిన కిరసనాయిలు వాసన ఉప్పుగాలితో కలిసి గుప్పున ముక్కుకి తగిలింది. అందరూ సంచులు సర్దుకుని ఎక్కాక చివర్న ఎక్కాను. ఆ వాసన వస్తే కలిగేది సంతోషమో భయమో ఈ వయసులోనూ తేల్చుకోలేను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి వేట మీద బతికే కుటుంబాలతో పాటు మేమూ పోర్ట్ బ్లెయిర్ రేవుకి అవతల హోప్ టౌన్‌లో జెట్టీ పక్కన ఉండేవాళ్ళం. వానలు వెనకబట్టి, సముద్రం నెమ్మదించి, ఇంటింటి ముందూ వెదురు తడికల మీద కవళ్ళ చేపలు ఎండుతూ, నాగుల చవితికి మామ్మ నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి ఉండలు డబ్బా అడుక్కి చేరిన రోజుల్లో యుద్ధం వచ్చిందన్నారు. బంగ్లాదేశ్ కోసమట. అదెక్కడుందో తెలియక, మా బడిలోని బెంగాలీ పిల్లలతోనే కాబోలు యుద్ధం అనుకుని వాళ్ళతో మాటలు మానేశాను. మర్నాటికి గవ్వలాటకి మంచి గవ్వలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయని గుర్తొచ్చి మళ్ళీ కలిశాను. మామ్మది ఇంకో తికమక. వయసులో ఉండగా, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళ విమానాలు చూసిన మనిషి, ఆకాశంలో ఏ చప్పుడైనా సరే "మళ్ళీ జపానోలొచ్చినార్రా" అంటూ మంచం కిందకి దూరేది. ఇది వేరే యుద్ధమని అయ్య ఎంత చెప్పినా నమ్మేది కాదు.

బడి మూసేశారు. ఆ ఆటస్థలంలోనే హెలికాప్టర్ దిగేది. పక్క తలుపు తీసేసి, అక్కడ పొడవాటి తుపాకీ బిగించారు. ఏ దళానిదో పిల్లలకెవరు చెబుతారు? సముద్రం మీద శత్రువుల పడవలు వెతకడానికొచ్చిందని మాత్రం అనుకునేవారు. నడిపే ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తుపాకీ దగ్గర కూర్చునే కుర్రాడు మాత్రం కొబ్బరిచెట్ల నీడన మాతో కూర్చుని బిస్కెట్లు పంచేవాడు. సన్నగా, నూనూగు మీసాలతో ఉండేవాడు. మేమంతా అతన్ని భయ్యా అనేవాళ్ళం. నన్నొకసారి పైకెక్కించి ఆ తుపాకీ పక్కన కూర్చోబెట్టాడు. ఇనుము ఎండకి కాలిపోతోంది. కిరసనాయిలు వాసన, అతని చెమట వాసన, నా చేతిలోని బిస్కెట్ వాసన కలగలిసిపోయాయి. ఊళ్ళో నా అంత గొప్పది లేదనుకున్నాను.

వేటకి దూరం పోవద్దని చాటింపు వేశారు. అయ్య కొన్నాళ్ళు ఆగాడు గానీ, సముద్రంలో వదిలొచ్చిన వల కొట్టుకుపోతుందని ఒక పొద్దున అప్పన్న బాబాయిని తోడు తీసుకుని నీలం రంగేసిన మా చిన్న పడవ డోంగీని వేసుకు వెళ్ళాడు. కాసేపటికి హెలికాప్టర్ లేచింది. కొబ్బరాకులన్నీ ఒక పక్కకి ఒరిగిపోతుంటే పిల్లలమంతా చప్పట్లు కొట్టాం. అది కొండ దాటి సముద్రం వైపు వెళ్ళిన తర్వాత కాల్పులు వినిపించాయి. అమ్మ తడిక దగ్గరి పని వదిలేసి జెట్టీ వైపు పరుగెత్తింది. నా చేతులు మాత్రం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాయి.

హెలికాప్టరే ముందు తిరిగొచ్చింది. భయ్యా దిగగానే, మా అయ్య డోంగీ సముద్రంలో ఉందని చెప్పాను.

"కౌన్‌సా రంగ్?" అని దాని రంగు అడిగాడు.

"నీలా."

అతను నా మొహంలోకి చూసి, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు. నీళ్ళలోకే కాల్చానని, ఇంధనం తక్కువై వెంటనే తిరగాల్సి వచ్చిందని, తర్వాత ఏమైందో చూడలేదని హిందీలో చెప్పాడు. ఆ మాట నాకు చెబుతున్నాడో తనకే చెప్పుకుంటున్నాడో తెలియలేదు. పక్కనే నిలబడ్డాను. పారిపోవాలనిపించింది, అతని చెయ్యి పట్టుకోవాలనీ అనిపించింది.

పొద్దు వాలేవేళకి డోంగీ వచ్చింది. అమ్మ నడుంలోతు నీళ్ళలోకి దిగి అయ్య చొక్కా పట్టుకుంది. హెలికాప్టర్ తమ చుట్టూ తిరిగిందని, అందులోంచి ఒకతను చెయ్యి ఊపాడని, తను నవ్వి తిరిగి చెయ్యి ఊపానని అయ్య చెప్పాడు. అంతలో డోంగీ ముందు తూటాలు పడి నీళ్ళు లేచాయి. అప్పన్న బాబాయి సముద్రంలో దూకేస్తే, అయ్యే మళ్ళీ పైకి లాగాడట. వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడని అయ్యకి ఆ తూటాలు చూశాక గానీ అర్థం కాలేదు.

మర్నాడు భయ్యా మా ఇంటికే వచ్చాడు. గుమ్మం బయట నిలబడి, "ఆర్డర్ థా, చాచా" అని, పైవాళ్ళ ఆజ్ఞ అన్నట్టు వేలు పైకి చూపించాడు.

అయ్య పీట వాల్చి, "కూకో బాబూ. ఏటైనా తిన్నావా?" అన్నాడు.

ఆ వలలో పడిన చేపలనే అమ్మ చింతకాయతో పులుసు పెట్టింది. వడ్డించడానికి రానని మొదట లోపలే నిలబడిపోయింది. వచ్చాక మాత్రం వద్దంటున్నా మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టింది. అతను తలెత్తకుండా తిన్నాడు. మంచం కింద నుంచి మామ్మ, "జపానోడికి బువ్వెడతారేటే?" అంటూనే ఉంది. అయ్య వెళ్ళి గోడకేసి తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

కొన్నాళ్ళకి హెలికాప్టర్ రావడం మానేసింది. యుద్ధం గెలిచామని రేడియోలో చెప్పారు. భయ్యా ఎక్కడికి వెళ్ళాడో, ఉన్నాడో లేడో చెప్పినవాళ్ళు లేరు.

మాయాబందర్ నుంచి మనవరాల్ని వెంటబెట్టుకొచ్చి, నిన్న హోప్ టౌన్ చూపించాను. ఆటస్థలం లేదు, అక్కడ సిమెంటు భవనాలు లేచాయి. కవళ్ళు ఎండేసిన చోట బళ్ళు నిలుపుతున్నారు. అయ్యా అమ్మా పోయారు. అప్పన్న బాబాయి పిల్లలు వేట మానేసి ఆఫీసుల్లో చేరారు. జెట్టీ మీద కూర్చుని ఈ సంగతంతా చెబితే, తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాని ఆ పిల్ల ఓపిగ్గా విని, "ఆ భయ్యా మంచి ఆద్మీయేనా, నానీ?" అని అడిగింది.



"మనింట్లో అన్నం తిన్నాడమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఇంకా నా మొహం వైపే చూస్తోంది.